మూతబుట్ట పెట్టడం యెవరి బాధ్యత?

విశాఖ చుట్టుపక్కల తెల్లారకుండానే కంపెనీ బస్సులెక్కుతున్న ఆడపిల్లలు యెవరు? అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ మండలాల్లో ఊడుపులకీ కలుపులకీ వెళ్లిన తల్లుల బిడ్డలే. భూములు ప్రత్యేక ఆర్థిక మండలాలకు పోయాయి. కొడవలి పట్టాల్సిన చేతులు కుట్టుమిషన్ల మీదకీ, రొయ్యలు వొలిచే బల్లల మీదకీ, ఉక్కు ఫ్యాక్టరీలో, రేవులో చీపుళ్ల మీదకీ వెళ్లాయి. అందుచేత ఫ్యాక్టరీ మరుగుదొడ్డి గొడవ రైతాంగ శీర్షికలో యెందుకని యెవరూ అడగనక్కర్లేదు.

ఆడ కార్మికులతో కూర్చుంటే కూలిరేటు, ఓవర్‌టైము అన్నీ అయ్యాక, మగవాళ్లు లేచి వెళ్లాక బయటికొచ్చే మాట ఒకటుంది. ముట్టయినప్పుడు వాడిన ప్యాడు యెక్కడ వెయ్యాలి? బుట్ట వుండదు. వుంటే మూత వుండదు, నిండి పొర్లినా తీసేవాళ్లుండరు. కాగితంలో చుట్టి, అన్నం క్యారేజీ పెట్టుకున్న సంచిలోనే దాచి, షిఫ్టు దిగేదాకా మోస్తారు. గత్యంతరం లేక కొందరు దొడ్లోనే వేస్తారు. గొట్టం పూడుతుంది. ‘మీ ఆడోళ్లకి శుభ్రత తెలీదు’ అని సూపర్‌వైజరు తలుపుకి తాళం వేస్తాడు. ఇంకొందరు షిఫ్టంతా మార్చుకోకుండానే గడుపుతారు, నీళ్లు తాగడం మానేస్తారు. తొడలు ఒరుసుకుపోవడం, మూత్రంలో మంట, వీటి మందుల ఖర్చు కూలి డబ్బుల్లోంచే పోతుంది. ఒక మూతబుట్ట ఖర్చు యజమానికి మిగిలిందన్నమాట!

పూడిన గొట్టంలో వొట్టిచేత్తో కెలికేది మళ్లీ యెవరు? మన పేటల నుంచి వెళ్లిన పారిశుధ్య కార్మికులే. రక్షణ సామగ్రి లేకుండా మురుగుకాలవలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేయించకూడదని 2013 చట్టం నిషేధించింది. కాగితం మీద.

చట్టం యేమంటోంది? ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు, వాటిని శుభ్రం చేసే మనుషులు వుండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షను చెప్పింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకొచ్చింది. మరుగుదొడ్లు కట్టడం, వాటిని శుభ్రంగా వుంచడం, వ్యర్థాలకు యేర్పాటు చెయ్యడం యజమాని పని అని దీని 23వ సెక్షను చెబుతోంది. కాంట్రాక్టు కార్మికులకు కూడా యీ సౌకర్యాలు ప్రధాన యజమానే కల్పించాలని 53వ సెక్షను. కాబట్టి ‘మీ కాంట్రాక్టర్ని అడగండి’ అంటే చెల్లదు. అయితే దొంగదారీ అందులోనే వుంది. పాత చట్టంలో 20 మంది కాంట్రాక్టు కూలీలుంటే చాలు, వర్తించేది. ఇప్పుడు 50 మంది వుండాలి. ఇన్‌స్పెక్టరు పేరుకి ‘సదుపాయకర్త’ అని తోక కూడా తగిలించారు. యెవరికి సదుపాయమో చూడాలి!

యీ సెక్షన్లలో ముట్టు వ్యర్థం అన్న మాటే లేదు. బ్రిటన్లో 1992 పనిస్థలాల నిబంధనలకు తోడుగా వచ్చిన నియమావళి, ఆడవాళ్ల మరుగుదొడ్లలో ప్యాడ్లు వెయ్యడానికి తగిన యేర్పాటు వుండాలని విడిగా రాసింది. మన దగ్గర ఆ మాట చెత్త నిబంధనల్లో వెతుక్కోవాలి. వాడిన ప్యాడును చుట్టి ఇవ్వాలనీ, చుట్టడానికి సంచి ప్యాడ్ల కంపెనీయే ప్యాకెట్టుతో ఇవ్వాలనీ 2016లో రాశారు. 2026లో వచ్చిన కొత్త నిబంధనలు తడి, పొడి చెత్తలతో కలపకుండా దీన్ని వేరే రకంగా లెక్కగట్టాయి. వేరు చెయ్యాలంటే వేరే బుట్ట వుండాలి కదా!

కొన్నిచోట్ల కాల్చే మిషను గోడకు తగిలించి ఫొటో తీయించుకుంటారు. ప్యాడులో ప్లాస్టిక్ వుంటుంది. చాలినంత వేడి లేకుండా కాలిస్తే విషపు పొగ వస్తుంది, పీల్చేది అక్కడ చీపురు పట్టిన మనిషి. మా లెక్కలో ముందు కావాల్సింది ప్రతి గదికీ మూతబుట్ట, రోజూ తీసే మనిషి, ఆ మనిషికి తొడుగులు, సబ్బు, నీళ్లు.

పొలంలో వున్నవాళ్లకైతే చాటు కూడా లేదు. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె వుండాలంది గానీ మరుగుదొడ్డి వూసెత్తలేదు. ఇకమీద కూలీల మహజర్లలో ఆ మాటా చేరాలి.

ఉక్కు ఫ్యాక్టరీ, రేవు ప్రభుత్వ సంస్థలు. పారిశుధ్యం టెండరులో యీ బుట్టల పని రాశారా, తొడుగులకు డబ్బు కట్టారా అని సమాచార హక్కు కింద అడగొచ్చు. కార్యకర్తలు ఆ దరఖాస్తు యీ నెల్లోనే పెట్టాలి.