ఇంటిపని: పైకప్పుకు గరుకు పూత

సోదరి ఒకరు ఇలా అడిగారు: "వెల్ల వేసిన చదును కప్పుకు ఇప్పుడు వచ్చే టెక్స్చర్ పెయింటు మనమే వేసుకోవచ్చునా?" వేసుకోవచ్చును. నేను రెండుసార్లు వేశాను, ఒకసారి తప్పుగాను, ఒకసారి సరిగాను. ముందు తప్పు సంగతి చెబుతాను.

సేలంలో మా యింటి నడిమి గది 10 అడుగులకు 12 అడుగులు. కప్పు నిండా సన్నని బీటలు, ఒక మూల పసుపుపచ్చని మరక. కూలి మిగులుతుంది గదా అని ఆఫీసుకు మూడు రోజులు సెలవు పెట్టి, బీటలూ మరకా కనబడకుండా పూత దట్టంగా పట్టించాను. చూచినవారందరూ మెచ్చుకున్నారు. ఐప్పసి వానలు వచ్చినవి. ఒక రాత్రి ఆ మూల పెచ్చు ఊడి మా అమ్మాయి కూర్చుని చదువుకునే మంచం మీద పడినది. పిల్ల అప్పుడే మంచినీళ్లకని లేచి వెళ్లినది!

మేస్త్రి వచ్చి చూచి, "ఈరం పోకుండా పూత పూయకూడదు సార్" అన్నాడు. డాబా మీద తూము దగ్గర పగులు ఉన్నది. గరుకు పూత సన్నని బీటలను కప్పుతుంది గాని చెమ్మను ఆపలేదు. పైగా చెమ్మ జాడను మన కంటికి దాచిపెడుతుంది.

కనుక మొదట కారుడు ఆపించండి. తరువాత పాలిథీను ముక్కను నాలుగు అంచులా టేపుతో కప్పుకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు నీటి బొట్లు కనబడితే ఇంకా ఆరలేదన్నమాట. కర్రతో మెల్లగా తట్టినప్పుడు డొల్లగా మ్రోగిన చోట గార కొట్టించి, మళ్లీ పూయించి, నాలుగు వారాలు ఆరనివ్వవలెను.

పాత వెల్లను తడిపి పూర్తిగా గీకివేయండి. పొడిరాలే సున్నం మీద ఏ రంగూ నిలువదు. కళ్లద్దాలు పెట్టుకోండి. సున్నం కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి వెంటనే వైద్యునికి చూపవలెను. బీటలకు పుట్టీ పట్టించి, ఆరిన తరువాత ప్రైమరు వేయాలి.

మెయిను ఆపి ఫాను దించండి. కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కకండి. కదలని బల్ల కావలెను. అంచులు కుంచెతోను, మిగతాది రోలరుతోను, కిటికీ వైపు నుండి రెండేసి అడుగుల పట్టీలుగా వేసుకుంటూ పోవాలి. ముందు పట్టీ అంచు ఆరకముందే తరువాతి పట్టీ కలపవలెను. నడుమ కాఫీకని దిగితే ఆ అతుకు ఎప్పటికీ కనబడుతుంది. ఇద్దరుంటే మేలు. వంటింట్లో మాత్రం ఈ పూత వద్దు. గరుకులో పట్టిన జిడ్డు వదలదు.

రెండవసారి ఇలాగే వేశాను. కప్పు బాగున్నది. మా అమ్మాయి మాత్రం మంచం మరల ఆ మూలకు వేసుకోలేదు. నేనూ వేసుకోమనలేదు.