అర సెకను అనామకులు

బ్రిట్నీ స్పియర్స్ పాడిన 'టాక్సిక్' 2004లో ప్రపంచాన్ని ఊపేసింది. మరుసటి ఏడాది ఉత్తమ డాన్స్ రికార్డింగ్‌గా గ్రామీ అవార్డునూ గెలుచుకుంది. ఆ పాట వినగానే చెవిలో గుచ్చుకునేది బ్రిట్నీ గొంతు కాదు, మధ్య మధ్య పైకి దూసుకెళ్లే వయొలిన్ల కేక. అది మన దేశంలో పుట్టిన కేకే. 'మరో చరిత్ర'కు హిందీ రూపంగా ఎల్.వి. ప్రసాద్ 1981లో నిర్మించిన 'ఏక్ దూజే కే లియే'లో లతా మంగేష్కర్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన 'తేరే మేరే బీచ్ మే' పాటలోవి ఆ వయొలిన్లు. స్వీడన్ నిర్మాతల జంట బ్లడ్‌షై అండ్ అవాంట్ ఆ వాద్యగోష్ఠిలోంచి వేర్వేరు ముక్కలు కోసి, పక్కపక్కన అతికించి, విరహగీతాన్ని విందు పాటగా మార్చేసింది.

ఆ పాట పాడినవారెవరో దేశానికంతా తెలుసు. బాణీ కట్టింది లక్ష్మీకాంత్-ప్యారేలాల్ అనీ తెలుసు. మరి ఆ వయొలిన్లు వాయించిందెవరు? అప్పటి సినిమా రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయడం ఆనవాయితీ కాదు. ప్రపంచమంతా విన్న ఆ నాలుగు స్వరాల వెనుక ఉన్న వేళ్లకు చిరునామా లేదు.

సంగీత నిర్మాణంలో ఈ కోత పనిని చాపింగ్ అంటారు. కంప్యూటర్ తెర మీద పాట ఒక అలల గీతగా కనిపిస్తుంది. డ్రమ్ము మీద కర్ర పడిన చోట గీత నిట్టనిలువుగా లేస్తుంది. కోత సరిగ్గా అక్కడ పడాలి. కాస్త ఆలస్యమైతే దెబ్బ పదును పోతుంది. తొందరపడితే అంతకుముందు మోగిన స్వరం తోక అంటుకొస్తుంది. అల సున్నా గీతను దాటే చోట కోయకపోతే అతుకు దగ్గర 'టక్'మంటుంది. ఇలా కోసిన ముక్కలను ఒక్కో మీటకు కేటాయించి, కొత్త వరుసలో వాయిస్తే పాత పాటలో లేని కొత్త నడక పుడుతుంది.

ఒకప్పుడు ఇది చెమటోడ్చే పని. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 యంత్రం జ్ఞాపకశక్తి మొత్తం సుమారు 10 సెకన్లే. అందుకే నిర్మాతలు 33 స్పీడు రికార్డును 45 స్పీడులో తిప్పి ఎక్కించేవారు. తర్వాత యంత్రంలో వేగం తగ్గించుకునేవారు. ఆ పొదుపులో శబ్దానికి అంటిన గరగరే ఒక తరం హిప్‌హాప్‌కు గుర్తుగా నిలిచింది. మరుసటి ఏడాది రోజర్ లిన్ రూపకల్పనలో అకాయ్ ఎంపీసీ-60 వచ్చింది. 1994లో స్వీడన్ నుంచి వచ్చిన 'రీసైకిల్' సాఫ్ట్‌వేర్ దెబ్బ పడిన చోట్లను తనే పసిగట్టి ముక్కలు చేయసాగింది. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్‌లోనూ అయిపోతుంది.

దీన్ని దొంగతనం అని కొట్టిపారేయడం తేలిక, కానీ సబబు కాదు. డెట్రాయిట్ నిర్మాత జె డిల్లా 2006 ఫిబ్రవరిలో తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' ఆల్బమ్ విడుదల చేశాడు. మూడు రోజుల తర్వాత కన్నుమూశాడు. పాత సోల్ పాటల ముక్కలతో కుట్టిన ఆ ఆల్బమ్ నేటికీ ఈ కళ నేర్చుకునేవారికి పాఠ్యపుస్తకమే. అతని ఎంపీసీ యంత్రం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంకు చేరింది. ఏ ముక్క తీయాలో, దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పే చెవి సాఫ్ట్‌వేర్‌తో పాటు రాదు. కోసినవాడి ప్రతిభకు గౌరవం దక్కుతోంది, దక్కాలి కూడా. వాయించినవాడి సంగతే తేలాలి.

అమెరికాలోనే చూడండి. 1969లో ది విన్‌స్టన్స్ బృందం విడుదల చేసిన 'అమెన్, బ్రదర్' పాటలో సుమారు 7 సెకన్ల డ్రమ్ముల ముక్క ఉంది. వాయించింది జి.సి. కోల్‌మన్. ఆ ఒక్క ముక్క వేలాది పాటల్లోకి వెళ్లింది. బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత రీతులు దాని మీదే నిలిచాయి. కోల్‌మన్‌కు పైసా రాలేదు. 2006లో నిలువ నీడ లేని స్థితిలో మరణించాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు సుమారు 24,000 పౌండ్లు అందించారు. అప్పటికి డ్రమ్మర్ పోయి తొమ్మిదేళ్లు. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'లో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌దీ అదే కథ. పాట పేరులోనే డ్రమ్మర్ ఉన్నాడు, హక్కుదారుల్లో లేడు.

మన పాటలు కోర్టుకెక్కినప్పుడూ వాదన ఇతని దాకా రాలేదు. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్'లో లత గొంతు వినిపించింది. అది 'జ్యోతి' సినిమాలోని 'థోడా రేషమ్ లగ్తా హై' పాట. సరిగమ సంస్థ దావా వేసింది. బప్పీ లాహిరి పేరు వేయనిదే ఆల్బమ్ అమ్మరాదని లాస్ ఏంజెలిస్ న్యాయస్థానం 2003లో ఆదేశించింది. మరో కేసులో 'ఆరాధన' పాటలోని సుమారు ఒక్క సెకను ముక్క కోసం 1967 నాటి ఒప్పంద పత్రాన్ని అక్షరమక్షరం తిరగేయాల్సి వచ్చింది. ఆ రికార్డింగ్ మీద సరిగమకు హక్కు లేదని అమెరికా అప్పీళ్ల కోర్టు 2011లో తేల్చింది. ముక్క ఎవరి ఆస్తి అన్నదే ప్రశ్న. ఎవరి చేతి పని అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు గీత రచయితలు, సంగీత దర్శకులు వదులుకోలేని రాయల్టీ హక్కు పొందారు. ప్రదర్శన ఇచ్చిన కళాకారులకూ వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు దక్కింది. అయితే అదే సవరణలో ఒక మెలిక ఉంది. సినిమాలో అప్రధానంగా పాలుపంచుకుని, టైటిల్స్ సహా ఎక్కడా పేరు లేనివారిని ఈ హక్కుల విషయంలో ప్రదర్శకులుగా పరిగణించరు. సోలో వయొలిన్ అప్రధానమేమీ కాదని వాద్యకారుడు వాదించవచ్చు. కానీ పేరే లేకపోతే, ఆ వయొలిన్ వాయించింది తానేనని ముందు రుజువు చేసుకోవాలి. పేరు వేయకపోవడం ఒకప్పుడు మర్యాదకు సంబంధించిన లోపం. ఇప్పుడది కూటికి సంబంధించిన లోపం.

ఒక పాటకు యాభై మంది వాయిస్తే ఎవరికెంత పంచుతారని నిర్మాతలు అడగవచ్చు. అమెరికాలో డిజిటల్ రేడియో రాయల్టీలో 5 శాతాన్ని పక్కవాద్యకారులకు, నేపథ్య గాయకులకు చట్టమే కేటాయించింది. ఒక్కొక్కరికి దక్కేది చిన్న మొత్తమే కావచ్చు. అది చేరడానికి మాత్రం ఏ రోజు ఎవరు వాయించారో రాసిన కాగితం ఉండాలి.

ఆ కాగితం అవసరం ఇకపై పెరిగేదే. 2019లో డీజర్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్ వంటి కృత్రిమ మేధ పరికరాలు పూర్తయిన పాటలోంచి గొంతును, డ్రమ్ములను, బేస్‌ను విడదీసి ఇస్తున్నాయి. ఒకప్పుడు ఎవరూ పాడకుండా ఉన్న ఒకటి రెండు క్షణాలే కోతకు దొరికేవి. ఇప్పుడు పాట పొడవునా ప్రతి దెబ్బా కోతకు సిద్ధమే. చెన్నై, హైదరాబాద్ స్టూడియోల్లో రోజు కూలికి వాయించి వెళ్లిన తబలా, వేణువు, వయొలిన్ రేపు ఏ దేశపు నైట్‌క్లబ్‌లో మోగుతాయో చెప్పలేం.

పాత పాటల వాద్యకారులలో బతికున్నవారిని అడిగి రాసుకునే గడువు ఏటా తరిగిపోతోంది. కొత్త పాటలకైతే ఆ శ్రమ కూడా లేదు. రికార్డింగ్ రోజే పేర్లు రాసి పాట ఫైలుతో జత చేస్తే చాలు. ప్రొడక్షన్ బాయ్‌ల దాకా అందరి పేర్లూ వేసే మన సినిమా టైటిల్స్‌లో నలభై మంది వయొలిన్ కళాకారులకు చోటు లేకపోదు.