ఆకు రాల్చిన అడవి బంజరు కాదు

వేసవిలో ఆకు రాల్చిన అడవిని చూచి 'ఇది బంజరు' అనువారు చదువుకొన్నవారిలోనే ఎక్కువ. ఇది కంటి భ్రమ మాత్రమే అయినచో ఉపేక్షింపవచ్చును. కాని పైకొమ్మల గుబురును బట్టి అడవికి వెల కట్టు పద్ధతి మన దేశమున కలదు. పలుచని అడవికి వెల తక్కువ. అందువలన ఈ మాటను ఖండింపక తప్పదు.

మధ్యప్రదేశమునందలి పన్నా పులుల రక్షితారణ్యమును చూడుడు. కేన్ నది దాని గుండా పారును. టేకు, తునికి, ఇప్ప, సండ్ర, మోదుగు అచ్చటి వృక్షములు. రాతి వాలులపై హిందీవారు కర్ధాయి అని పిలుచు చెట్టు పెరుగును. అది మన చిరుమాను జాతిదే. వానలు కొన్ని మాసములే. తక్కిన కాలమంతయు చెట్టు మిగిలిన తేమతోనే బ్రదుకవలెను. ఆకుల నుండి నీరు ఆవిరియై పోవును గనుక వానిని విడిచివేయును. ఇది చావు కాదు, పొదుపు. ఫాల్గుణమున ఆకులేని మోదుగు పూచును. చైత్రమున ఇప్పపూలు రాలును. పల్లె స్త్రీలు తెల్లవారుజామున ఏరుకొందురు. వైశాఖపు టెండలో తునికి చిగిర్చును. ఆ లేత ఆకే బీడీల కాధారము. బంజరు భూమి ఇన్ని పనులు చేయునా?

కేన్, బెత్వా నదుల అనుసంధానమునకు 2024 డిసెంబరు 25న శంకుస్థాపన జరిగినది. దౌధన్ ఆనకట్ట వలన ఈ అడవిలో పెద్ద భాగము మునుగును. బుందేల్‌ఖండపు దాహము నిజము. దానిని కాదనువాడు మనుష్యుడు కాడు. మునిగిన అడవికి బదులు వేరొకచోట మొక్కలు నాటుదుమను మాట మాత్రము నిజము కాదు. వరుసలు తీర్చి నాటినది తోట యగును, అడవి కాదు. రాతి సందులలో వేళ్లు దించి మెల్లగా పెరిగిన కర్ధాయికి నారుమడిలోని మొక్క సాటి రాదు.

పన్నా చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 2009 నాటికి అచ్చట పులి ఒక్కటియు మిగులలేదు. ఆ యేడే ఇతర అడవుల నుండి పులులను తెచ్చి విడువగా వాని సంతతి వృద్ధి పొందినది. ఏల? అడవి నిలిచి యుండెను గనుక. పులిని బండిపై తేవచ్చును. అడవిని తెచ్చు బండి లేదు.

కావున వెల కట్టువారు అడవి మరల పెరుగుటకు పట్టు కాలమును ముందు లెక్కలో చేర్చవలెను. అంతకు ముందే, అడవిని ముంచకుండ నీరు తెచ్చు దారిని వెదకవలెను. 'బంజరు' అను మాట హిందీలోను తెలుగులోను ఒక్కటే. ఏ భాషలోను అది ఈ అడవికి చెల్లదు.