శృంగారం మెదడుకి టానిక్కా? అలారమా?

"శృంగార జీవితం బాగున్న మగవాళ్ళకి మెదడు చురుగ్గా పనిచేస్తుందట!" ఈ వార్త ఏడాదికి రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట పడుతుంది. గంటలో మన వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. కింద నాలుగు వెకిలి నవ్వులు, "మా ఆవిడకి చూపించాలి" అని రెండు జోకులు. అంతే, సరి. ఈ విషయం మీద మన మగవాళ్ళ చర్చ అక్కడితో సమాప్తం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. జోకు వేసేటప్పుడు లేని సిగ్గు, అసలు విషయం దగ్గరికొచ్చేసరికి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందండీ?

సరే, ముందు ఆ వార్త వెనకాల ఏముందో చూద్దాం. 2010లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు మగ ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు వారాలపాటు రోజూ జత కలిసిన ఎలుకలకి హిప్పోకాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగంలో, కొత్త కణాలు ఎక్కువగా పుట్టాయి. బెదురు కూడా తగ్గింది. బావుంది. కానీ అవి ఎలుకలు బాబూ! వాటికి అప్రైజల్ లేదు, హోమ్‌లోన్ లేదు :)

మరి మనుషుల సంగతి? ఇంగ్లండులో 50 నుంచి 89 ఏళ్ళ మధ్యవాళ్ళు 6,833 మంది వివరాలతో 2016లో ఒక పరిశోధన వచ్చింది. శృంగార జీవితం ఉన్న మగవాళ్ళు మాటలు గుర్తుపెట్టుకోవడంలో, అంకెల వరస పట్టుకోవడంలో మెరుగ్గా ఉన్నారు. మన పేపర్లు ఇక్కడిదాకా రాసి ఆపేస్తాయి. 2018లో అదే సర్వేలోని 6,016 మందిని రెండేళ్ళ తేడాతో చూశారు. శృంగారం, దంపతుల మధ్య దగ్గరితనం ఎక్కువున్నవాళ్ళకి జ్ఞాపకశక్తి మెరుగ్గానే ఉంది. కానీ ఆ రెండేళ్ళలో అది తరిగిన తీరులో మాత్రం తేడా కనపడలేదు. ఈ రెండో ముక్క ఏ హెడ్డింగులోనూ మీకు దొరకదు.

రోజంతా లాగ్స్ తవ్వే మనకి ఇది ఎవరో చెప్పాలా? రెండు గ్రాఫులు కలిసి పైకెళ్ళాయి కాబట్టి ఒకదానివల్లే రెండోది అని జూనియర్ రాసుకొస్తే రివ్యూలో ఊరుకుంటామా? నిద్ర సరిగ్గా పట్టి, బీపీ, షుగరు అదుపులో ఉండి, ఇంట్లో మనశ్శాంతి ఉన్నవాడికి మెదడూ బాగుంటుంది, పడకగదీ బాగుంటుంది. రెంటికీ వేరు ఒకటే కావచ్చు.

ఇది ఒక చివర. ఇంకో చివర మన పాత రోగం ఉంది: "వీర్యం పోతే బుర్ర పాడవుతుంది, ఒక్క చుక్క నలభై రక్తపు చుక్కలతో సమానం" అని. లెక్క వేద్దాం. ఒకసారికి మూడు మిల్లీలీటర్లు అనుకోండి, సుమారు అరవై చుక్కలు. ఇంటూ నలభై, 2,400 చుక్కలు. అంటే దాదాపు 120 మిల్లీలీటర్ల రక్తం! ఈ లెక్కన కొత్త పెళ్ళికొడుకు వారం తిరక్కుండా ఐసీయూలో ఉండాలి. ఈ భయంతో నీరసించి డాక్టర్ల దగ్గరికొచ్చేవాళ్ళని చూసే 1960లో డాక్టర్ విగ్ దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. స్వాతిలో డాక్టర్ సమరం గారు ఏళ్ళ తరబడి ఓపిగ్గా జవాబులు రాసినా, ఎమ్.టెక్ చదివినవాళ్ళలో కూడా ఈ భయం ఇంకా చావలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. శృంగారం మెదడుకి టానిక్ అవునో కాదో ఇంకా తేలాలి. కానీ అది అలారం అన్నది మాత్రం గట్టి మాట. పురుషాంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెవి మూడు నాలుగు. మెడలోంచి మెదడుకి వెళ్ళేవి ఐదు నుంచి ఏడు. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు ఈ గొట్టాలన్నిటినీ ఒకేసారి పాడుచేస్తాయి. ముందు బయటపడేది సన్నటి గొట్టంలో. అందుకే గుండెజబ్బు లక్షణాలు కనపడటానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే చాలామందిలో అంగస్తంభన సమస్య మొదలవుతుంది. అదే నష్టం మెదడు దాకా పాకితే పక్షవాతం, మతిమరుపు.

సర్వర్‌లో డిస్క్ 80 శాతం నిండిందని అర్ధరాత్రి మెసేజ్ వస్తే దుప్పటి తన్నేసి లేస్తాం. మన ఒంట్లోంచి వచ్చిన మెసేజ్‌ని మాత్రం మ్యూట్ చేస్తాం. ఇంకొందరు అడ్డమైన 'మగసిరి' గుళికలు మింగుతారు. అలాంటి 'మూలికల' మందుల్లో చెప్పకుండా వయాగ్రా మందు కలిపి అమ్ముతున్నారని అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాడు అది మింగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ఒకరోజు కుదరకపోతే కంగారేం లేదు. అలసట, ఆందోళన, కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు కూడా కారణం కావచ్చు. నెలల తరబడి అలాగే ఉంటే మాత్రం గోడమీద పోస్టర్‌లో ఉన్న క్లినిక్‌కి కాదు, మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. సిగ్గుపడాల్సింది రోగానికి కాదు, దాచుకున్నందుకు.

నిద్ర సంగతి కూడా. 2011లో షికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే, పగటిపూట టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. రాత్రి పదకొండుకి అమెరికా కాల్, పొద్దున్న ఆరున్నరకి పిల్లల స్కూలు బస్సు. మనలో ఎంతమందికి ఆ ఐదు గంటలైనా దక్కుతున్నాయి? ఆ కాల్ ఒక గంట ముందుకి జరపమని అడగడానికి నోరు రాదు గానీ, "ఏ మాత్ర వేసుకోవాలి?" అని గూగుల్‌ని అడగడానికి వేళ్ళు వస్తాయి.

చివరిగా ఒక మాట. "మెదడుకి మంచిదట" అని భార్య ముందు రిపోర్టు పెట్టే మహానుభావులారా, ఆవిడ మీ ట్రెడ్‌మిల్లు కాదు. ఆ పరిశోధనలో శృంగారం పక్కనే దగ్గరితనం కూడా ఉందని మర్చిపోకండి. ఆవిడకి ఇష్టమో కాదో, ఒంట్లో ఓపిక ఉందో లేదో కనుక్కోకుండా వచ్చేది ఆరోగ్యమూ కాదు, కాపురమూ కాదు. లాప్‌టాప్ మూసి, ఇవాళ ఎలా గడిచిందని అడగండి. మెదడు సంగతి ఏమోగానీ, ఇల్లయితే బాగుపడుతుంది.