నీటికాసులకు మర్దన మందవుతుందా?

గత మాసంలో ఒక పాఠకురాలు రాసిన ఉత్తరమే ఈ మాసపు శీర్షికకు కారణం. ఆమె తండ్రిగారికి 64 ఏళ్లు. మన ఇళ్లలో ‘కాలా మోతియా’ అని పిలుచుకునే నీటికాసుల వ్యాధికి (గ్లకోమాకు) 6 ఏళ్లుగా ప్రతి రాత్రీ ఒక చుక్క మందు వేసుకుంటున్నారు. ఆ మధ్య ఎవరో ఆయనకు శోషరస మర్దన గురించి చెప్పారు. ముఖాన్నీ మెడనూ ఒక పద్ధతిలో నిమిరితే నిలిచిన నీరు కదులుతుందనీ, కంటిలోని పీడనమూ దిగుతుందనీ నమ్మబలికారు. 10 దఫాలు మర్దన జరిగింది. తల తేలికైనట్లు అనిపించింది, నిద్ర బాగా పట్టింది. ఇక చుక్కలతో పనేమిటని ఆయన మానివేశారు. 3 నెలల తరువాత పరీక్ష చేయిస్తే, మందుతో 16 దగ్గర నిలిచిన పీడనం 28కి చేరింది. “అబ్బాజాన్ తమకు బాగానే ఉందంటున్నారు. ఆయనకు ఏమని నచ్చజెప్పాలి?” అని ఆమె అడిగారు.

ఆ ‘బాగానే ఉంది’ అన్న మాటలోనే ఈ వ్యాధి ప్రమాదమంతా దాగి ఉంది.

కంటి ముందు భాగంలో నేత్రోదకం అనే స్వచ్ఛమైన ద్రవం రేయింబవళ్లు ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. నిమిషానికి సుమారు 2 నుంచి 3 మైక్రోలీటర్ల చొప్పున కంటి లోపలే పుట్టి, జల్లెడ వంటి కణజాలం గుండా ష్లెమ్ నాళంలోకి, అక్కడి నుంచి రక్తనాళాలలోకి పోతుంది. కొంత భాగం కంటి లోపలి కండరపు పొరల మధ్య నుంచి మరో దారిన బయటపడుతుంది. ఊరేదీ పోయేదీ సమానంగా ఉన్నంత కాలం పీడనం సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య నిలుస్తుంది. పోయే దారి మందగిస్తే పీడనం పెరిగి, పది లక్షలకు పైగా తంతువులున్న దృష్టినాడి కొద్దికొద్దిగా క్షీణిస్తుంది. పీడనం ఆ హద్దు లోపలే ఉన్నా నాడి దెబ్బతినేవారూ ఉన్నారు. అందువల్లనే వైద్యులు ఒక్కొక్కరికి ఒక్కొక్క లక్ష్యం నిర్ణయిస్తారు.

ఈ నష్టం చాలామందిలో నొప్పి లేకుండా జరుగుతుంది. ముందుగా తరిగేది చూపు అంచులు. ఎదుటి మనిషి ముఖం స్పష్టంగానే కనిపిస్తుంది, పుస్తకమూ చదవగలుగుతారు. పక్క నుంచి వచ్చే వాహనం, కాలి ముందున్న గడప కనిపించకపోయినా అది పరధ్యానమనుకుంటారు. మన దేశంలో 40 ఏళ్లు దాటినవారిలో కనీసం 1.12 కోట్ల మందికి ఈ వ్యాధి ఉందని 2010 నాటి అంచనా. 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన నేత్ర వ్యాధుల సర్వేలో ఈ వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. ఒకసారి పోయిన చూపును చుక్కలు గాని, శస్త్రచికిత్స గాని తిరిగి తేలేవు. మిగిలినదాన్ని కాపాడటమే వైద్యం.

మరి మర్దన సంగతేమిటి? అది పూర్తిగా పుట్టించిన కథ కాదు. 1930వ దశకంలో డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత చేయి వాచినవారికి నేటికీ దీనితో ఉపశమనం కలిగిస్తున్నారు. ష్లెమ్ నాళానికి శోషరస నాళాల లక్షణాలు కొన్ని ఉన్నాయని 2014లో వెలువడిన పరిశోధనలు ఎలుకలలో చూపించాయి. అయితే ఆ నాళం ఉన్నది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచున, కంటి గోడ లోపల. బుగ్గ మీదా మెడ మీదా నిమిరే వేళ్లు దానిని చేరలేవు. తల తేలికపడటం నిజమే కావచ్చు. కంటి పీడనం మాత్రం మనకు తెలిసే అనుభూతి కాదు. అది పరికరంతో కొలిచి తెలుసుకోవలసిన అంకె.

పైగా మర్దన పేరిట కనుగుడ్డును నొక్కితే ఆ క్షణంలో పీడనం పెరుగుతుంది. మెడ నరాలను గట్టిగా అదిమినా అంతే. నీటికాసులకు శస్త్రచికిత్స చేయించుకున్నవారు వైద్యులు స్వయంగా నేర్పితే తప్ప కన్ను నొక్కరాదు, నలపరాదు. అకస్మాత్తుగా కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది పీడనం ఒక్కసారిగా పెరిగిన స్థితి కావచ్చు. అప్పుడు ఒక పూట ఆలస్యం చేసినా చూపు పోవచ్చు. వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ పెద్దాయన కోరుకున్నది నీరు సాఫీగా పోవడమే కదా! నిజానికి ఆ పని చేసేది ఆయన మానేసిన చుక్కే. రాత్రిపూట వేసే లాటనోప్రోస్ట్ వంటి మందులు నేత్రోదకం బయటకు పోయే దారిని, ముఖ్యంగా పైన చెప్పిన రెండవ దారిని, సుగమం చేస్తాయి. టిమోలోల్ వంటివి నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. లేజర్ చికిత్స, శస్త్రచికిత్స కూడా ఉన్నాయి. స్వీడన్‌లో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం పీడనం 1 మిల్లీమీటరు తగ్గినా వ్యాధి ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం తగ్గుతుంది. ఇక 16కూ 28కీ మధ్య ఉన్న వ్యత్యాసం ఎంతటిదో ఊహించవచ్చు.

చుక్క వేసే తీరు కూడా ముఖ్యమే. కింది రెప్పను కొద్దిగా లాగి ఒక్క చుక్క వేస్తే చాలు. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో మృదువుగా ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచాలి. మందు ముక్కులోకి, గొంతులోకి జారకుండా కంటిలోనే నిలుస్తుంది. రెండు మందులుంటే నడుమ 5 నిమిషాల ఎడం ఉండాలి.

రమజాన్‌లో ఉపవాసం భంగమవుతుందేమోనని చుక్కలు మానేవారున్నారు. గొంతులోకి చేరినదాన్ని మింగకుండా ఉంటే కంటి చుక్కలతో ఉపవాసం భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1997లో జిద్దాలో తీర్మానించింది. అయినా మనసు ఒప్పుకోనివారు ఇఫ్తార్ తరువాత, సహరీ వేళలో వేసుకోవచ్చునేమో వైద్యుణ్ణి అడగవచ్చు. మానవద్దు. సజ్దాలో తల వంచినప్పుడు పీడనం కొద్దిగా పెరిగినా లేవగానే తగ్గిపోతుంది కనుక నమాజు విషయంలో భయపడనక్కరలేదు. వ్యాధి బాగా ముదిరినవారూ, కొత్తగా శస్త్రచికిత్స అయినవారూ మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి. అవసరమైతే కూర్చుని, సైగలతో నమాజు చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉన్నదే. మరపు ఉన్నవారు రాత్రి చుక్కను ఇషా నమాజుతో ముడిపెట్టుకుంటే తప్పిపోదు.

ఇంకొక్క మాట. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి ఉంటే తక్కినవారికి వచ్చే అవకాశం పలు రెట్లు ఎక్కువ. ఉత్తరం రాసిన సోదరి, ఆమె తోబుట్టువులు కూడా నేత్ర పరీక్ష చేయించుకోవాలి. దురద కోసం దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ చుక్కలు దీర్ఘకాలం వాడినా పీడనం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

అమ్మా, అబ్బాజాన్‌ను నిందించకండి. ఆయన నిర్లక్ష్యం చేయలేదు, స్వస్థత కోసమే వెళ్లారు. మెడకు హాయిగా ఉంటే, వైద్యుడు వద్దనకపోతే, కంటి జోలికి పోకుండా మర్దన చేయించుకోనివ్వండి. మందుకు బదులుగా మాత్రం కాదు. వాదనకు దిగకుండా పాత చీటీలోని 16ను, కొత్త చీటీలోని 28ని పక్కపక్కన పెట్టి చూపించండి. రేపే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఇకపై ఇషా తరువాత ఆ చుక్కను మీ చేతితో మీరే వేయండి. ఆయనకు మిగిలి ఉన్న చూపు, ఇన్షా అల్లాహ్, ఆయనతోనే ఉంటుంది.