ఐదో తరగతి దాకా ఆటకు గురువే అక్కర్లేదా?

ఏ ప్రాథమిక పాఠశాల టైంటేబులైనా చూడండి. చివరి పీరియడ్ గడిలో 'ఆటలు' అని ఉంటుంది. అవి నేర్పడానికి మాత్రం మనిషి ఉండడు. పరుగు, గెంతు, బంతి విసరడం, పట్టుకోవడం, నలుగురితో కలిసి ఆడటం నేర్చుకోవాల్సిన ఐదేళ్లూ పిల్లలు గురువు లేకుండానే గడిపేస్తున్నారు. ఈ సంగతి ప్రభుత్వాలకు తెలుసు, అధికారులకు తెలుసు, ప్రైవేటు యాజమాన్యాలకు తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ముందు చట్టం సంగతే చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ అవసరమైన ఆటవస్తువులు ఇవ్వాలని దాని షెడ్యూలులో రాశారు. మరి ఆడించేదెవరు? వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడి ప్రస్తావన ఆరు నుంచి ఎనిమిది తరగతులకే ఉంది. అదీ పిల్లల సంఖ్య వంద దాటితేనే. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ ఊసే లేదు. అరవై మంది పిల్లలున్న ప్రాథమిక బడికి చట్టం ఇచ్చింది ఇద్దరు టీచర్లను. ఆ ఇద్దరే ఐదు తరగతులకు తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు, పరిసరాల విజ్ఞానం చెప్పాలి. మధ్యాహ్న భోజనం చూసుకోవాలి. హాజరు యాప్‌లో ఎక్కించాలి. ఇన్ని పనుల మధ్య ఉన్న టీచర్ని 'ఎందుకు ఆడించడం లేదు' అని నిలదీయడానికి నాకు నోరు రాదు. నిలదీయాల్సింది ఆ ఏర్పాటు చేసినవాళ్లను. చట్టం చెప్పింది కనీస ప్రమాణాలే, అంతకు మించి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఎవరూ ఆపలేదు. పదిహేనేళ్లు గడిచినా ఆ కనీసం దగ్గరే ఎందుకు ఆగిపోయాం?

'పిల్లలకు ఆట నేర్పడమేంటండీ, వదిలేస్తే వాళ్లే ఆడుకుంటారు' అనే మాట చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. వదిలేస్తే ఏం జరుగుతుందో ఒక్కసారి మైదానం అంచున నిలబడి చూడండి. నాలుగో తరగతి పిల్లలు, ఉన్నది ఒకటే బంతి. చురుకైన ఏడెనిమిది మంది మగపిల్లలు దాన్ని అందుకుని క్రికెట్ మొదలుపెడతారు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే ఏరుకుంటారు. చివరికి మిగిలిన పిల్లవాడి ముందే 'నాకొద్దురా, నువ్వే తీసుకో' అని వాదులాడుకుంటారు. ఆడపిల్లలు అప్పటికే వరండా మెట్ల మీద కూర్చుండిపోతారు. కాసేపటికి ఆ మిగిలిన పిల్లవాడి వైపు బంతి వస్తుంది. వాడు రెండు చేతులూ బిర్రుగా ముందుకు చాచి, కళ్లు గట్టిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పేస్తాడు. బంతి ఛాతీకి తగిలి కింద పడుతుంది. అందరూ గొల్లున నవ్వుతారు. మర్నాటి నుంచి వాడూ మెట్ల మీదే.

వాడి లోపం కాదది. వాడికెవరూ నేర్పలేదు. బంతి పట్టడానికి ఒక పద్ధతి ఉంది. చూపు బంతి మీదే ఉండాలి. మోచేతులు కాస్త వంచాలి. వేళ్లు విప్పి ఉంచి, బంతి తగలగానే ఒంటివైపు లాక్కోవాలి. ముందు మెల్లగా తేలివచ్చే బుడగతో, తర్వాత గుడ్డబంతితో, ఆపైన రబ్బరు బంతితో చేయిస్తే మొహానికి తగులుతుందన్న భయం పోతుంది. గెంతడానికీ పద్ధతి ఉంది. మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి ఊపి ఎగరాలి, దిగేటప్పుడు మళ్లీ మోకాళ్లు వంచాలి. ఒంటికాలి మీద నిలవడం, పరుగెడుతూ దారి మార్చుకోవడం, భుజం మీదుగా విసరడం, కాలితో తన్నడం అన్నీ ఇలా నేర్పాల్సినవే. వయసు పెరిగినంత మాత్రాన అవి సక్రమంగా రావు. ప్రాథమిక తరగతుల వయసులో నేర్పి సాధన చేయిస్తే తేలిగ్గా పట్టుబడతాయి. ఓనమాలు దిద్దించకుండా వ్యాసం రాయమంటే అన్యాయం అంటాం కదా, బంతి పట్టడం నేర్పకుండా పిల్లవాణ్ని ఆటలోకి తోసి నవ్వులపాలు చేయడం అన్యాయం కాదా?

కలిసి ఆడటమూ అంతే. ప్రార్థనలో 'ఐకమత్యమే మహాబలం' అని చెప్పించినంత మాత్రాన అది రాదు. గొలుసాట ఆడించి చూడండి. దొంగ ఎవరిని ముట్టుకుంటే వాళ్లు దొంగ చెయ్యి పట్టుకుని గొలుసులో చేరాలి. గొలుసు తెగితే ముట్టుకున్నా చెల్లదు. మొదటిసారి క్షణాల్లో తెగిపోతుంది. రెండు మూడు సార్లు తెగాక ఆట ఆపి, గుండ్రంగా కూర్చోబెట్టి 'ఎందుకు తెగింది?' అని అడగాలి. పిల్లలే చెబుతారు, వీడు గట్టిగా లాగాడని, ఎటు వెళ్లాలో ముందు అనుకోలేదని, చివర ఉన్న చిన్నపిల్ల అంత జోరుగా రాలేకపోయిందని. మళ్లీ ఆడిస్తే ఈసారి ముందే మాట్లాడుకుంటారు, వేగంగా పరుగెత్తేవాడు చిన్నపిల్ల కోసం అడుగు తగ్గిస్తాడు. జట్టు అంటే ఏమిటో ఆ పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. కావాల్సిందల్లా ఆ ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలిసిన ఒక పెద్ద మనిషి. తెలియని చోట ఔటైన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టే ఆటలే మిగులుతాయి. సాధన ఎవరికి ఎక్కువ కావాలో ఆ పిల్లలే ముందుగా ఔటై, పీరియడంతా ఖాళీగా కూర్చుంటారు.

ఒకప్పుడు ఈ పని వీధి చేసేది. తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, చెడుగుడు పక్కింటి అన్నలు, అక్కలు నేర్పేవాళ్లు. చిన్నవాళ్లనూ కలుపుకుని ఆడేవాళ్లు. ఇప్పుడు వీధుల్ని వాహనాలు ఆక్రమించాయి, ఖాళీ స్థలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి, పిల్లల చేతికి ఫోన్లొచ్చాయి. వీధి వదిలేసిన బాధ్యతను బడి అందుకోవాల్సింది. అందుకోలేదు.

సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి ఆటవస్తువుల కోసం ఏడాదికి 5,000 రూపాయలు కేటాయించారు. అరవై మంది పిల్లలున్న బడిలో తలకు 83 రూపాయలు. ఆ కొద్దిపాటి డబ్బుతో కొన్నవైనా పిల్లల చేతికి రావాలి కదా! నేను చూసిన ఒక బడిలో స్కిప్పింగ్ తాళ్లు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. పక్కనే గాలి పోయిన ఫుట్‌బాల్, దానికి పంపు లేదు. వస్తువు పోతే తనిఖీలో లెక్క చెప్పాలన్న భయంతో తాళం వేశారు. పిల్లల ఐదేళ్లు పోతే లెక్క అడిగేవాళ్లే లేరు.

ప్రైవేటు బడుల్లో ఇంకా ఘోరం. మూడంతస్తుల భవనంలో వందలమంది పిల్లల్ని కుక్కి, సెల్లారునే ఆటస్థలంగా చూపిస్తారు. ఒకటో తరగతి నుంచే ఒలింపియాడ్, ఫౌండేషన్ అంటారు. ఆటల పీరియడ్‌లో మిగిలిపోయిన సిలబస్ చెబుతారు. అల్లరి చేస్తే 'ఆటలు కట్' అని శిక్ష వేస్తారు. కదలకుండా కూర్చోలేని పిల్లవాడికి ఉన్న ఒక్క కదలికనూ లాగేసుకోవడం ఏం శిక్ష? అమ్మానాన్నలూ పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి గంటసేపు అడుగుతారు. 'మా పాప ఈ వారం ఎంతసేపు పరుగెత్తింది?' అని అడిగిన తల్లి నాకు ఇంతవరకు కనిపించలేదు.

కాగితాల మీద లోటేమీ లేదు. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆటలు చదువులో భాగమంది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వ్యాయామ విద్యకు మిగతా సబ్జెక్టుల సరసన చోటిచ్చింది. మరి ఆ సబ్జెక్టును చెప్పేవాళ్లెక్కడ? ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవమని పిల్లలతో ర్యాలీ తీసి, ఫొటో పైకి పంపితే సరిపోతుందా? 2024లో వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెస్తే అందరం గర్వపడ్డాం, నజరానాలు ప్రకటించాం. గర్వపడాల్సిందే. కానీ పతకం వచ్చాక పరుగెత్తుకొచ్చే ప్రభుత్వం, పరుగు నేర్చుకునే వయసులో అలాంటి ఊళ్ల బడులకు ఎందుకు రాదు? పైగా నేనడిగేది పతకాల కోసం కాదు. పతకం ఎప్పటికీ రాని లక్షలాది పిల్లల కోసం. తన ఒళ్లు తన మాట వింటుందన్న ధైర్యం, ఓడినా జట్టు తనను వదిలెయ్యదన్న నమ్మకం వాళ్లకూ హక్కే.

అడుగుతున్నవి గొంతెమ్మ కోర్కెలు కావు. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కు కనీసం ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ని ప్రాథమిక బడుల కోసమే నియమించండి, వారంలో ఒక్కో రోజు ఒక్కో బడికి పంపండి. బీపీఎడ్, డీపీఎడ్ చదివి డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల కోసం ఎదురుచూస్తున్న యువత మన దగ్గరే ఉంది. మిగతా రోజుల్లో ఆడించేలా ఎస్జీటీలకు (ప్రాథమిక బడుల టీచర్లకు) మైదానంలోనే శిక్షణ ఇవ్వండి. ఆటల పీరియడ్‌ను వేరే పాఠానికి వాడుకోవడాన్ని, శిక్షగా రద్దు చేయడాన్ని నిషేధించండి. తనిఖీకి వచ్చిన అధికారి నోటుపుస్తకాలతో పాటు మైదానమూ చూడాలి. ఐదో తరగతి పిల్లలందరికీ బంతి పట్టడం వచ్చా, ఆడపిల్లలు ఆటలో ఉన్నారా, ఎవరైనా మెట్ల మీద కూర్చున్నారా అని రిపోర్టులో రాయాలి. రాసిన రిపోర్టుకు జవాబు చెప్పేవాళ్లుండాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వులు ఇవ్వడానికి అడ్డేమిటో రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ బహిరంగంగా చెప్పాలి. అడ్డేమీ లేదంటే, ఇన్నేళ్లు ఎందుకు ఇవ్వలేదో ఆ పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి.