మెరుగుదల ప్రతిపాదనలు: సైబరాబాద్ తెలుగు డెవలపర్ల ప్రణాళిక

బిట్‌కాయిన్, ఇథీరియం నెట్‌వర్కులకు యజమాని లేడు. వాటి నియమాలు మారాలంటే ఎవరో ఒకరు ప్రతిపాదన రాయాలి, దాన్ని నలుగురూ చదివి తప్పులు పట్టాలి, చివరికి నోడ్లు (నెట్‌వర్కు కంప్యూటర్లు) నడిపేవారు దాని కోడ్‌ను తమ యంత్రాల్లోకి తీసుకోవాలి. 2000లో పైథాన్ భాష కోసం మొదలైన ఈ పద్ధతిని 2011లో అమీర్ తాకీ రాసిన బిప్-1 (బిప్ అంటే బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదన) బిట్‌కాయిన్‌కు తెచ్చింది. ఇథీరియంలో ఈఐపీలు (ఇథీరియం మెరుగుదల ప్రతిపాదనలు) 2015 నుంచి ఉన్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పనిచేసే తెలుగు డెవలపర్ల బృందం ఈ పనిలో పాటించవలసిన సూత్రాలను ఈ ప్రణాళిక నిర్దేశిస్తుంది.

మొదటి సూత్రం, రాయడం కన్నా ముందు చదవడం. ప్రతిపాదనలకు కొదవ లేదు, ఓపికగా పరీక్షించేవారికే కొరత. ఇథీరియంలో ఆరు నెలలు కదలిక లేని డ్రాఫ్టును నిలిచిపోయినదిగా గుర్తిస్తారు. అలా ఆగినవాటిలో కొన్నిటికైనా ఒక మంచి రివ్యూ చాలేది. కాబట్టి బృంద సభ్యులు ముందుగా ఇతరుల డ్రాఫ్టుల్లోని టెస్టులు నడిపి, భద్రతా విభాగాన్ని పరిశీలించి, అభ్యంతరాలను కారణాలతో సహా రాసి ఇవ్వాలి.

రెండవది, తుది మాట నెట్‌వర్కును నడిపేవారిదే. బిట్‌కాయిన్ లావాదేవీల సంతకాలను విడిగా ఉంచే సెగ్‌విట్ మార్పును తెచ్చే బిప్-141 అమలుకు, బ్లాకులు తయారుచేసే మైనర్లలో 95 శాతం సమ్మతి కావలసి ఉండగా 2017లో అది నెలల తరబడి నిలిచిపోయింది. ఆగస్టు 1 నుంచి సెగ్‌విట్‌కు సమ్మతి తెలపని బ్లాకులను తమ నోడ్లు తిరస్కరిస్తాయని బిప్-148 ద్వారా వాడుకరులు ప్రకటించారు. ఆ ఒత్తిడి పనిచేసింది, ఆగస్టు 24న సెగ్‌విట్ అమల్లోకి వచ్చింది. ఒప్పుకోనివారి హక్కూ అంతే విలువైనది. 2016 జులైలో డావో అనే ఉమ్మడి పెట్టుబడి నిధిలో జరిగిన దోపిడీని రద్దు చేయడానికి ఇథీరియం ఫోర్క్ అయి రెండు గొలుసులుగా చీలినప్పుడు, చరిత్రను తిరగరాయకూడదన్నవారు పాత గొలుసునే ఇథీరియం క్లాసిక్‌గా కొనసాగించారు. వారిని ద్రోహులనడం తప్పు.

మూడవది, హోదాకు ఓటు లేదు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ కాంగ్రెస్ జరిగింది. తెలంగాణ ప్రభుత్వం టెక్ మహీంద్రాతో కలిసి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్‌ను ప్రకటించింది. అయినా ప్రతిపాదనల విషయంలో ప్రభుత్వమైనా, కంపెనీ అయినా వాదనతోనే మెప్పించాలి. ఉద్యోగి తన సంస్థ ప్రతినిధిగా కాక వ్యక్తిగా రాస్తాడు. ఈఐపీ రచయిత తన కాపీరైటును వదులుకోవాలి కనుక, ఉద్యోగ ఒప్పందంలోని మేధోహక్కుల షరతులు చూసుకుని, అవసరమైతే రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే డ్రాఫ్టు పంపాలి. ప్రతిపాదనతో లాభపడే నాణేలు చేతిలో ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. బృందం పేరుతో ఏ నాణేన్నీ కొనమని, అమ్మమని చెప్పకూడదు.

నాలుగవది తెలుగు గురించి. గచ్చిబౌలి కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చింది. నాణేల కీలను దాచే వాలెట్ల రికవరీ మాటల విషయంలో ఆ పని ఇంకా జరగలేదు. వాలెట్‌ను తిరిగి తెరిచే, సాధారణంగా పన్నెండు లేదా ఇరవై నాలుగు మాటలను 2,048 మాటల జాబితా నుంచి తీసే పద్ధతి బిప్-39ది. అందులో ఇంగ్లిష్, జపనీస్, కొరియన్, చెక్ వంటి భాషలకు జాబితాలున్నా భారతీయ భాష ఒక్కటీ లేదు.

తెలుగు జాబితాకు మాటలు ఏరడం ఒక్కటే చాలదు. ‘కలం’, ‘కాలం’ రెండూ ఉండకూడదు. చేతిరాతలో దీర్ఘం చెరిగితే డబ్బు పోయినట్టే. ‘పైరు’లోని ఐత్వం తెరమీద ఒకటే గుర్తు, కానీ బిప్-39 కోరే యూనికోడ్ విభజనలో అది రెండు కోడ్‌లవుతుంది. ఆ విభజన చేయని వాలెట్‌లో అవే మాటలు టైపు చేసినా వేరే కీలు వస్తాయి. ఇంగ్లిష్ కాని జాబితాలను చాలా వాలెట్లు గుర్తించవు కనుక బిప్-39 పత్రమే వాటిని వద్దంటుంది. ఆ హెచ్చరిక సబబైనది. అందువల్ల జాబితా, టెస్టులు, కనీసం రెండు వాలెట్లలో నడిచే కోడ్ సిద్ధమయ్యేదాకా తెలుగు మాటలతో అసలు డబ్బు దాచమని ఎవరికీ చెప్పకూడదు.

బృందం మొదట చేపట్టే పని ఈ జాబితాయే. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాలు తెలిసినవారు, భాషాశాస్త్రవేత్తలు, యూనికోడ్ తెలిసిన ప్రోగ్రామర్లు ఇందులో చేరాలని బృందం కోరుతోంది.